కథాపాత్రలకు వీడ్కోలు

గత సంవత్సరము వర్షాకాలములో నొక సోమవారమున మా తొమ్మిదవ తరగతిలో ఒక బాలుడు పాఠము వినక తల వంచుకొని కూర్చుండెను. ఏమి నాయనా యని యడిగితిని. "చచ్చిపోయాడండీ, మాస్టారూ" అనెను. నా గుండె ఝల్లుమనెను. మన వాడరేవులో ఆ మాట చెవిని బడగానే సముద్రము వైపు చూచుట యందఱికిని అలవాటు. ఎవరు, ఏ బోటు అని ఆతురతతో నడుగగా వాడు సిగ్గుపడి, తాను సెల్‌ఫోనులో చూచుచున్న యొక యాటలోని వీరుడని చెప్పెను. తరగతి యంతయు నవ్వెను. నేనును నవ్వితిని. ఆ నవ్వు నన్ను తరువాత మిక్కిలి బాధించినది. అందులకు కారణము పిదప చెప్పెదను.

ఆ యాట యెట్టిదో తెలిసికొనవలెనని హైదరాబాదులో నున్న మా మేనల్లుని అడిగితిని. అది జపాను దేశమునందలి స్క్వేర్ ఎనిక్స్ వారు నడుపు "ఫైనల్ ఫాంటసీ" వరుసలో పదునాల్గవది. పలు దేశములవారు ఇంటర్నెట్టు ద్వారా ఒక్క కల్పిత రాజ్యములో ప్రవేశించి, తలకొక వేషము ధరించి, యుద్ధములు చేయుచు కథలో ముందునకు సాగుదురు. పుస్తకమునకు కడపటి పుట గలదు. ఇట్టి యాటకు లేదు. నెలనెలా రుసుము చెల్లించువారు ఉన్నంతకాలము కథ సాగవలసినదే. కావున వాటిని వ్రాయువారికి కవులెఱుగని చిక్కొకటి గలదు. పది సంవత్సరములు జనుల నడుమ తిరిగిన పాత్రను సాగనంపుట యెట్లు? అదియునుగాక ఆడువాడు పోరులో కూలినచో మరుక్షణమే లేచి నిలుచును. అందఱును లేచు లోకములో ఒక్కడు మాత్రము లేవకుండుటను చదువరి యెట్లు నమ్మును?

ఆ బాలుడు దుఃఖించిన వీరుని పేరు ఓర్షఫాన్. తఱుమబడి వచ్చిన కథానాయకునికి మంచుకొండలలో ఆశ్రయమిచ్చిన ఆశ్వికుడతడు. 2015లో వెలువడిన భాగములో, శత్రువు కథానాయకునిపై విసరిన కాంతిశూలమునకు తన డాలు అడ్డుపెట్టి, ఆ డాలు పగిలి, నేల కూలెను. ప్రాణము పోవుచుండగా మిత్రుని ఏడువవలదనియు నవ్వుమనియు కోరెను. రచయితలు అతనిని మరల లేపలేదు. కొండకొనపై నొక ఱాయి నాటి, దానిచెంత పగిలిన డాలునుంచిరి. ఆడువారు నేటికిని అచ్చటికి పోయి నిలుచుందురట. వింత యేమనగా, నేడు క్రొత్తగా ఆట మొదలిడువానికి అతడు మంచులో సజీవుడై ఎదురుపడును. ముందు నడచినవానికి అప్పటికే సమాధియైయున్నాడు.

ఆ రచయితలే 2012 నవంబరు 11వ తేదీన ఇంతకంటెను పెద్ద వీడ్కోలు పలికిరి. 2010లో తెఱచిన మొదటి యాట జనులకు రుచింపలేదు. మూసివేయక తప్పదని తేలినప్పుడు చప్పుడుకాకుండ దీపమార్పక, చంద్రుని వంటి గోళమొకటి ఆకాశమునుండి కూలి రాజ్యమంతయు నాశమగునట్లు కల్పించి, ఆ దృశ్యముతోనే ద్వారములు మూసిరి. మరుసటి సంవత్సరము మరల తెఱచినప్పుడు కథలో ఐదేండ్లు గడచినట్లు చూపిరి. వ్యాపారములో కలిగిన యోటమిని కథలోని చరిత్రగా మార్చిన ఆ బుద్ధిని నేను మెచ్చుకొంటిని.

అందఱును ఇట్లు చేయరు. బ్లిజార్డ్ వారి "వార్‌క్రాఫ్ట్" కథలో సిల్వానస్ అను విలుకత్తె గలదు. 2002లో చంపబడి ప్రేతమై లేచినది, రాణియైనది, 2018లో ఒక మహావృక్షమును దానియందలి జనులతో గూడ తగులబెట్టినది, కడకు 2022లో, నరకము వంటి తావున చిక్కిన యాత్మలను విడిపింపుమని శిక్ష పొంది పంపబడినది. ఇరువదేండ్లు కథను మోసిన పాత్ర వెళ్లినదో, తలుపు చాటున నిలిచినదో తెలియదు. అవసరము కలిగినప్పుడు పిలుచుకొనవచ్చునని తలుపు ఓరగా వేసిరని నా యనుమానము.

ఈ దోషము క్రొత్తది గాదు. హోమ్సు కథలతో విసిగిన కానన్ డాయిల్ 1893లో అతనిని జలపాతమున పడద్రోసి, చదువరుల కోరికకును ధనమునకును లొంగి 1903లో బ్రదికించెను. మన చందమామ మాత్రము తక్కువదా? బేతాళుని కథలు సంస్కృతములో ఇరువదియైదు. చివరికథకు విక్రమార్కుడు బదులు చెప్పలేక మౌనము వహించును. ఆ మౌనముతోనే బేతాళుడు సంతోషించును, కథ ముగియును. చందమామలో రాజునకు దశాబ్దముల తరబడి ఆ మౌనము దక్కలేదు. నెలనెలా నోరు విప్పుట, శవము చెట్టెక్కుట! బాల్యమున నేను దానికొఱకు తపాలావాని వెంట పరుగెత్తినవాడనే. అయినను ఆ రాజును తలచిన నేడు జాలి కలుగుచున్నది. క్రైస్తవుడనగుటచే నేను పునరుత్థానమును నమ్ముదును. కాని చందాదారులు తగ్గినప్పుడెల్ల కథకుడు జేబులోనుండి తీయదగిన వస్తువు కాదది.

వీడ్కోలు చెప్పుట నేర్వవలెనన్న ఆ రచయితలు మన పల్నాటికి రావలెను. 1970లో ప్రకాశము జిల్లా యేర్పడువరకు మన చీరాలయు పల్నాడును ఒక్క గుంటూరు జిల్లాలోనివే. పండ్రెండవ శతాబ్దపు ఆ యుద్ధకథలో బాలచంద్రుడు ఊరకే పోయి చావడు. తల్లి ఐతాంబ యొద్ద సెలవు తీసికొనును. అంతవరకు తాను నిర్లక్ష్యము చేసిన భార్య మాంచాల యొద్దకు పోవును. ఆమెయే కత్తి చేతికిచ్చి పంపును. చెలికాడైన అనపోతరాజును యుద్ధమునుండి తప్పింపగోరి నెపముమీద వెనుకకు పంపగా, ఆతడు సంగతి తెలిసికొని ప్రాణత్యాగము చేసికొనును. చిన్నపాత్రనుగూడ ఆ కథ దారిలో పాఱవేయలేదు. ఇక బ్రహ్మనాయుడు చావనే చావడు. అంతయు ముగిసిన పిదప గుత్తికొండ బిలములో ప్రవేశించి మరల వెలుపలికి రాలేదని జనులు చెప్పుకొందురు. ఎనిమిది శతాబ్దములలో ఏ గాయకుడును అతనిని ఆ గుహనుండి వెలికి లాగలేదు! కారెంపూడిలో ఏటేట కార్తికమాసమున వీరుల తిరునాళ్ల జరుగును. కథ మొదటినుండి మొదలగును, బాలచంద్రుడు మరల బ్రదికియుండును, మరల పడిపోవును. ఓర్షఫాను క్రొత్తవానికి ఎదురుపడుట ఇట్టిదే. మొదటినుండి చెప్పుట వేఱు, చచ్చినవానిని లేపుట వేఱు.

రాత్రి పండ్రెండు గంటలవరకు ఫోను చూచుట మంచిదని నేననుట లేదు. ఆ సంగతి తల్లిదండ్రుల సమావేశములో మాటలాడుకొందము. కాని ఆటలోని చావునకు ఏడ్చువాడు వెఱ్ఱివాడని యనువారితో నేనిప్పుడు ఏకీభవింపలేను.

ఆ బాలుని పినతండ్రి రెండేండ్ల క్రిందట వేటకు పోయి తిరిగి రాలేదు. బోటు దొరికినది, మనిషి దొరకలేదు. ఏ దినమున ఏడువవలెనో ఆ యింటిలో నెవరికిని తెలియలేదు. ఈ సంగతి నేనెఱిగియు ఆ సోమవారమున మఱచి నవ్వితిని. కొన్ని దినములకు వానిని పిలిచి, ఆ ఆశ్వికుని గూర్చి మేనల్లుడు చెప్పినదంతయు చెప్పి, నవ్వినందుకు నొచ్చుకొంటిని. వాడు కొంతసేపు మాటలాడక, "ఆయనకి రాయి పెట్టారండీ మాస్టారూ, మా బాబాయికి లేదు" అనెను. నాకు బదులు తోచలేదు. గుత్తికొండ బిలము కథ చెప్పితిని. శ్రద్ధగా విని, "అయితే ఆయన లోపలే ఉన్నాడా అండీ?" అని యడిగెను. కథలో అంతవరకే చెప్పిరి నాయనా యంటిని.

వాని యింటిలో పినతండ్రి వల యిప్పటికిని దూలమునకు వ్రేలాడుచున్నది. దానిని దింపవలెనో వలదో వాని నాయనమ్మ యింకను తేల్చుకొనలేదు.