రిగ్గు ఒకరిది.. బావి ఇంకొకరిది.. ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిది? ట్రాన్స్‌ఓషన్ చరిత్ర చెబుతున్న పాఠం ఇదే!

సముద్రంలో ఆయిల్ అనగానే బీపీ, రిలయన్స్, ఓఎన్‌జీసీ లాంటి పేర్లే గుర్తొస్తాయి. కానీ చాలాచోట్ల సముద్రం అడుగున డ్రిల్లింగ్ చేసేది వేరే కంపెనీలు. రిగ్గును, సిబ్బందిని కలిపి రోజువారీ అద్దెకు ఇవ్వడమే వీటి బిజినెస్. అందులో పెద్ద పేరు ట్రాన్స్‌ఓషన్. 2010 ఏప్రిల్ 20న గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో పేలిపోయిన డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు ఈ కంపెనీదే.

కొనుగోళ్లతోనే ఎదిగింది

1953లో అమెరికాకు చెందిన సదరన్ నేచురల్ గ్యాస్ ఒక డ్రిల్లింగ్ సంస్థను కొని 'ది ఆఫ్‌షోర్ కంపెనీ' అని పేరు పెట్టింది. కథ మొదలైంది అక్కడే. 1996లో నార్వే కంపెనీ ట్రాన్స్‌ఓషన్‌ను కొని, ఆ పేరునే తనూ పెట్టుకుంది. 1999లో సెడ్కో ఫోరెక్స్, 2001లో ఆర్ అండ్ బీ ఫాల్కన్, 2007లో గ్లోబల్ శాంటాఫే.. ఇలా ఒక్కొక్కటీ కలుపుకుంటూ పోయింది. రిజిస్టర్డ్ ఆఫీసు కూడా అమెరికా నుంచి కేమన్ దీవులకు, 2008లో స్విట్జర్లాండ్‌కు మారింది. డీప్‌వాటర్ హొరైజన్ కూడా ఫాల్కన్ కొనుగోలుతో చేతికొచ్చిందే.

11 మందిలో 9 మంది వీళ్లే

ప్రమాద సమయానికి ఆ రిగ్గు బీపీ దగ్గర అద్దెకు ఉంది. రోజుకు దాదాపు 5 లక్షల డాలర్లు. పని లేటయ్యే కొద్దీ బిల్లు పెరిగిపోతుంది. పేలుడులో చనిపోయిన 11 మందిలో 9 మంది ట్రాన్స్‌ఓషన్ ఉద్యోగులు. 87 రోజుల పాటు చమురు సముద్రంలోకి చిమ్ముతూనే ఉంది.

అయితే భద్రత విషయంలో తమ చరిత్రలో 2010 బెస్ట్ ఇయర్ అని కంపెనీ మరుసటి ఏడాది రిపోర్టులో రాసుకుంది! టాప్ ఎగ్జిక్యూటివ్‌లకు సేఫ్టీ బోనస్‌లూ ఇచ్చింది. విమర్శలు రావడంతో ఆ డబ్బును బాధిత కుటుంబాల నిధికి ఇచ్చేశారు.

కోర్టు ఏం తేల్చింది?

2014లో అమెరికా కోర్టు తప్పును ఇలా పంచింది. బీపీకి 67 శాతం, ట్రాన్స్‌ఓషన్‌కు 30 శాతం, సిమెంట్ పని చేసిన హాలీబర్టన్‌కు 3 శాతం. కానీ చమురు వల్ల నష్టపోయిన వాళ్ల పరిహారం భారం అద్దె ఒప్పందం ప్రకారం బీపీదేనని అదే కోర్టు 2012లోనే చెప్పింది. జరిమానాలు మాత్రం తప్పలేదు. 2013లో నేరం ఒప్పుకుని 140 కోట్ల డాలర్లు కట్టేందుకు ట్రాన్స్‌ఓషన్ అంగీకరించింది. అంటే తప్పు ఎంత అన్నది ఒక లెక్క, డబ్బు ఎవరు కట్టాలన్నది ఇంకో లెక్క!

మన తీరానికీ లింక్

ఈ కంపెనీ మనకు కొత్తేం కాదు. ధీరూభాయ్ డీప్‌వాటర్ కేజీ1, కేజీ2 అనే ట్రాన్స్‌ఓషన్ డ్రిల్‌షిప్‌లు రిలయన్స్ కోసం పనిచేశాయి. పేరులోని 'కేజీ' మన కృష్ణా గోదావరే. 2013లో ఓఎన్‌జీసీ కోసం కేజీ1 దేశ తూర్పు తీరంలో 3,165 మీటర్ల లోతు నీటిలో డ్రిల్లింగ్ చేసి అప్పటి ప్రపంచ రికార్డు కొట్టింది. హొరైజన్ పేలిన చోట లోతు సుమారు 1,500 మీటర్లే.

రికార్డులు గొప్పవే. కానీ అద్దె ఒప్పందంలో ఎవరి బాధ్యత ఎంత రాసుకున్నారో తీరంలో వల వేసే మత్స్యకారుడికి తెలిసే దారి లేదు. ప్రమాదం జరిగాక కోర్టులో తేలే లెక్క, డ్రిల్లింగ్ మొదలయ్యే ముందే జనానికి తెలియాలి.