గోదాములో కట్టివేసిన కుక్కపిల్ల

మన బళ్ళారి వర్తకులలో కొందఱికి ఒక నమ్మకము కలదు. కావలికని తెచ్చిన కుక్కపిల్లను పరుల కంట పడనీయక, గోదాము మూల గొలుసు వేసి, ఒక్కని చేతనే అన్నము పెట్టించినచో పెద్దదై పులివలె కాపలా కాయునట! ఈ నమ్మకము తప్పని చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

అట్లు పెరిగిన కుక్క ధైర్యముగలది కాదు, పిరికిది. పిరికికుక్క పాలవానిని కఱచును, తపాలా బంట్రోతును కఱచును, బంతి కొఱకు ఆవరణలోనికి వచ్చిన పొరుగింటి పసివానిని కఱచును. దొంగ కఱ్ఱ ఎత్తినచో మాత్రము తోక ముడిచి నక్కును. కావలికుక్కకు వలసినది ఏది వాడుక, ఏది వింత యను ఎఱుక. మంచినోట్లు వేలకొలది లెక్కించిన గుమాస్తాయే గదా దొంగనోటును పోల్చగలుగుట!

ఈ ఎఱుక కలుగు కాలము బహు స్వల్పము. అమెరికాలోని బార్ హార్బరులో జరిగిన పరిశోధన యొకటి 1961లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటింపబడినది. కంచె వేసిన పొలములో, మనుష్యుల పొడ సోకకుండ కుక్కపిల్లలను పెంచిరి. చిన్ననాట ఒక్క వారము మనుష్యులతో ఆడినవి మచ్చికైనవి. 14 వారములు మనుష్యుల నెఱుగక పెరిగినవి అడవిమృగములవలె దూరముగనే ఉండిపోయినవి. 3వ వారము మొదలు సుమారు 12, 14 వారముల వఱకే ఈ అదను అని పశువైద్యులు చెప్పుదురు. 8 వారములు నిండనిదే తల్లినుండి వేఱు చేయరాదు. కావున మన చేతికి దక్కునది నెలన్నరయే.

టీకాలు ముగియకుండ వీథిలోనికి తీసికొనిపోరాదందురు. పార్వో రోగభయము న్యాయమైనదే. కాని ఆ టీకాలు 16 వారముల వఱకు సాగును. అప్పటికి అదను దాటిపోవును. మొదటి టీకా వేయించి వారము గడచిన పిదప, చంకనెత్తుకొని తిప్పవలెను. వీథికుక్కలు తిరుగు నేలపై దింపరాదు. మన యెండలకు ఉదయపు వేళయే మేలు.

ఇంట తెలుగు, అంగడిలో కన్నడము, కౌల్ బజారులో ఉర్దూ వినవచ్చు ఊరు మనది. కుక్కపిల్లకు భాషాభేదము లేదు గాని కొత్త గొంతు వినిన జంకు కలదు. గడ్డము పెంచినవారు, బురఖా ధరించినవారు, హెల్మెటు పెట్టినవారు, చేతికఱ్ఱ ఊతగా నడచు వృద్ధులు, గ్యాసు సిలిండరు మోయువాడు, ఖనిజపు లారీల హారను, కుక్కరు ఈల – అన్నియు దానికి పరిచయము కావలెను. ఒక్కొక్క పరిచయమునకు ఉడికిన గ్రుడ్డు తునక యొకటి అందించుడు. తోక ముడిచినచో వెంటనే ఎడముగా తీసికొనిపోవలెను. బలవంతముగా పరుల చేతిలో పెట్టినచో అది నేర్చునది భయమే. పిల్లలను ఒక్కొక్కరినే, కూర్చుండబెట్టి దగ్గఱకు రానీయుడు. అది తినునపుడు, నిద్రించునపుడు ముట్టనీయరాదు. దీపావళి టపాకాయలు దీనికి పాఠము కావు. ఆ రాత్రి లోపలిగదిలో ఉంచుడు.

వర్తకులకు ఇంకొక సదుపాయము కలదు. గల్లాపెట్టె ప్రక్కన గోనెసంచి పఱచి పడుకొననిచ్చినచో, రోజుకు ఎందఱో కొత్తవారు తామే వచ్చి పోవుదురు!

మూడు నెలలు నిండగానే పిచ్చికుక్క వ్యాధి టీకా వేయించి, పశువైద్యుడు చెప్పిన గడువులలో మరల వేయించుచుండవలెను. అయినను ఏ కుక్క కఱచినను, గాయమును సబ్బుతో, పాఱు నీటిలో 15 నిమిషములు కడిగి ఆనాడే ఆసుపత్రికి పోవలెను. టీకా చీటీని గల్లాపెట్టెలో భద్రపఱచుడు. వైద్యుడు దానిని అడుగవచ్చును.