పాత కారుకు కొత్త పంపు
సాయంత్రం మైండ్‌స్పేస్ జంక్షన్ ట్రాఫిక్‌లో ప్రీమియర్ పద్మిని ఆగిపోతే తప్పు బండిది కాదు. ఇంజిన్‌కే బిగించిన మెకానికల్ పంపు ఆ వేడికి కాగిపోతుంది. లైనులో పెట్రోలు ఆవిరై కార్బురేటర్‌కు అందదు. అందుకే సైబరాబాద్‌లో తరచూ తిప్పే పాత కార్లకు ఎలక్ట్రిక్ పంపు పెట్టించుకోవాలంటాను. పాతదనం పోతుందన్న బెంగ అక్కర్లేదు. 1948లో వచ్చిన మోరిస్ మైనర్‌కే ఎస్‌యూ ఎలక్ట్రిక్ పంపు ఉండేది. అయితే ఎంపికలో తొందర పనికిరాదు. ఇలాంటి కార్బురేటర్‌కు సుమారు 3 పీఎస్‌ఐ ఒత్తిడి చాలు. ఇంజెక్షన్ కార్ల పంపులు మామూలుగా 40 పీఎస్‌ఐ స్థాయిలో తోస్తాయి. ఆ ధాటికి నీడిల్ వాల్వు నిలవదు, పెట్రోలు వేడి ఇంజిన్ మీదికి పొర్లుతుంది. ఎలక్ట్రిక్ పంపు లాగడం కన్నా నెట్టడంలో దిట్ట కాబట్టి దాన్ని ట్యాంకు దగ్గరే, వీలైనంత కిందుగా బిగించాలి. ఈ20 పెట్రోలును తట్టుకునే గొట్టాలు, ఫ్యూజు, రిలే తప్పనిసరి. అన్నిటికన్నా ముఖ్యం, ఇంజిన్ ఆగగానే పంపునూ ఆపే ఆయిల్ ప్రెషర్ స్విచ్. ప్రమాదంలో గొట్టం తెగి, పంపు తిరుగుతూనే ఉంటే, ఒక్క నిప్పురవ్వ చాలు. ఆ స్విచ్ అనవసరమనే మెకానిక్ చేతికి మీ కారు ఇవ్వకండి.