పల్పిట్ మీది నుంచి ఓటు అడగొద్దు

2012 నవంబర్ 6న అమెరికాలో ఎన్నికలు. ఒబామానా, రామ్నీనా అన్న చర్చ ఆఫీసు దాటి మా ఆదివారం ఆరాధన దాకా వచ్చింది. మాది చిన్న తెలుగు సంఘం. ఒక అమెరికన్ చర్చి హాలును మధ్యాహ్నం పూట అద్దెకు తీసుకుని కూడుకుంటాం. కుటుంబాలు నలభైకి మించవు.

రెండు వారాల కింద ప్రసంగం మధ్యలో ఒక మాట వినబడ్డది. ఫలానా అభ్యర్థికి ఓటేసేవాళ్లు తమ విశ్వాసం నిజమైనదేనా అని ఒకసారి చూసుకోవాలట! ఆ రోజు భోజనాల దగ్గర ఎప్పటి నవ్వులు లేవు. ఏళ్లుగా కలిసి పాడుతున్న రెండు కుటుంబాలు చెరో మూలన కూర్చున్నాయి. మొన్న ఆదివారం అందులో ఒక కుటుంబం రానే లేదు.

ఇందులో విచిత్రం ఏమిటంటే, ఆ హాల్లో చాలామందికి అసలు ఇక్కడ ఓటే లేదు. నాలాగా గ్రీన్ కార్డు మీదనో, హెచ్‌-1బీ మీదనో ఉన్నవాళ్లం. లేని ఓటు కోసం ఉన్న సంఘాన్ని చీల్చుకుంటున్నాం.

అట్లాగని "దైవభక్తులకు రాజకీయాలెందుకు" అనేవాళ్ల పక్షం కూడా కాదు నేను. బబులోనులో పరదేశులుగా బతుకుతున్న తన ప్రజలకు యిర్మీయా ప్రవక్త ఉత్తరం రాస్తూ, మీరున్న పట్టణం బాగు కోరుకోండి అనే చెప్పాడు. ఆ ఊరి బాగోగులు మనకెందుకని కళ్లు మూసుకుని కూర్చోమనలేదు. ప్రశ్న రాజకీయాల్లోకి వెళ్లాలా వద్దా అన్నది కాదు. ఎట్లా వెళ్లాలి అన్నదే.

అమెరికా చట్టం ఇక్కడ ఒక గీత గీసింది. 1954లో అప్పటి సెనేటర్ లిండన్ జాన్సన్ తెచ్చిన సవరణ ప్రకారం పన్ను మినహాయింపు పొందే సంస్థలు, చర్చిలతో సహా, ఒక అభ్యర్థికి అనుకూలంగానో వ్యతిరేకంగానో ప్రచారం చేయకూడదు. 1992 ఎన్నికలకు నాలుగు రోజుల ముందు న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్‌టన్ దగ్గరి ఒక చర్చి, క్లింటన్‌కు ఓటేయొద్దని పెద్ద పత్రికల్లో ప్రకటనలు ఇచ్చింది. పన్ను మినహాయింపు పోగొట్టుకుంది. కోర్టుకు వెళ్లినా 2000లో అప్పీలు కోర్టు కూడా ప్రభుత్వం చేసింది సరైనదే అన్నది.

అయితే ఆ చట్టం నోరు మూసుకోమనలేదు. ఓటర్లను నమోదు చేయించవచ్చు. పోలింగ్ కేంద్రానికి వెళ్లడానికి వాహనం పెట్టవచ్చు. అభ్యర్థులందరినీ సమానంగా పిలిచి ప్రశ్నలు అడగవచ్చు. పేదరికం గురించి, వలసదారుల గురించి, యుద్ధం గురించి పల్పిట్ మీది నుంచే మాట్లాడవచ్చు.

ఈ గీత లోపల ఉండి ఎంత చేయవచ్చో నల్లజాతి చర్చిలు చూపించాయి. 1965 మార్చి 7న అలబామాలోని సెల్మాలో ఓటు హక్కు కోసం నడిచినవాళ్లు బ్రౌన్ చాపెల్ అనే చర్చి నుంచే బయలుదేరారు. ఎడ్మండ్ పెట్టస్ వంతెన మీద పోలీసుల లాఠీ దెబ్బలు తిన్నారు. అదే ఏడాది ఆగస్టులో ఓటు హక్కు చట్టం వచ్చింది. వాళ్లు అడిగింది ఫలానా మనిషికి ఓటేయమని కాదు. తమను ఓటేయనివ్వమని. ఒక మనిషి కోసం అడిగితే సంఘం చీలుతుంది. అందరి హక్కు కోసం అడిగితే సంఘం నిలబడుతుంది.

మన దేశంలో గీత ఇంకా స్పష్టం. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ మతం పేరుతో ఓట్లడగడాన్ని అవినీతి చర్య అంటుంది. దైవాగ్రహానికి గురవుతావని ఓటరును నమ్మించడాన్ని కూడా అక్రమ ఒత్తిడిగానే లెక్కిస్తుంది. మా హాల్లో వినబడ్డ మాట, ఏ పార్టీ మనుషులో మన ఊర్లో అంటే కేసే అవుతుంది.

కానీ ఊర్లో జరిగేది మనకు తెలియనిది కాదు. ఎన్నికలొస్తే నాయకులకు చర్చి గుర్తొస్తది. ఒకరు ప్రహరీ గోడ అంటారు, ఒకరు సమాధుల స్థలం అంటారు. మెదక్ దగ్గర మా ఊర్లో మా అమ్మ ఇట్లాంటివి ఎన్నో చూసింది. ఒకసారి ఫోన్‌లో అడిగితే ఇట్లా అన్నది: "గాళ్లకే ఎయ్యాలన్నరు బిడ్డా. నేను తలకాయ ఊపిన. ఓటు మాత్రం నాకు మంచిగనిపించినోళ్లకే ఏసిన."

బడికి పోని మా అమ్మకు రహస్య ఓటు అంటే ఏమిటో నాకంటే బాగా తెలుసు. సంఘం ఓటు అని ఒకటి లేదు. సంఘంలో ఉన్న ఒక్కొక్కరి ఓటు ఉన్నది. దాన్ని మూటగట్టి బేరం పెట్టే హక్కు ఏ పెద్దకూ లేదు.

ఇక్కడ ఒక మిత్రుడు నన్ను ఇరుకున పెట్టాడు. "నిరుడు సకల జనుల సమ్మె నడిచిన 42 రోజులూ చర్చిలో తెలంగాణ కోసం ప్రార్థన చేయమన్నవు కదా అన్నా, అది రాజకీయం కాదా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. ఆలోచించాను. ఒక ప్రజల ఆకాంక్ష కోసం ప్రార్థించడం వేరు, ఒక పార్టీ గుర్తు కోసం ప్రార్థించడం వేరు. కానీ ఆ హాల్లో గుంటూరు నుంచి వచ్చిన కుటుంబాలు కూడా ఉన్నాయి. వాళ్లను ఒక్క మాట అడగకుండా నేను ఆ ప్రార్థన పెట్టమన్నాను. అది తప్పే. నా న్యాయమైన కోరిక కూడా పక్కవాడి నోరు నొక్కేటట్టు ఉండకూడదు. తెలంగాణ కోసం సభల్లో మాట్లాడతాను, ఇక్కడ రాస్తాను. పల్పిట్‌ను మాత్రం అరువు అడగను.

మరి సంఘం మాట్లాడాల్సినవి లేవా? ఉన్నాయి, వాటి గురించే మౌనం ఎక్కువ. మన పల్లె సంఘాల్లో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలే. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులమని రాయించుకుంటే ఎస్సీ హోదా పోతుంది, రిజర్వుడ్ సీట్లో పోటీ చేసే హక్కూ పోతుంది. అదే ఉత్తర్వును 1956లో సిక్కుల కోసం, 1990లో బౌద్ధుల కోసం మార్చారు. ఓట్లడగ వచ్చిన ప్రతి పార్టీ అభ్యర్థినీ, గోడ సంగతి పక్కన పెట్టి, దీని మీద నీ మాటేమిటని అడగాలి. అందరినీ ఒకే ప్రశ్న, అందరి ముందూ అడగాలి.

మా సంఘం ముందు నేను మూడు సంగతులు పెట్టాను. ఒకటి, పల్పిట్ మీద ఏ అభ్యర్థి పేరూ వద్దు. గెలిచినవాళ్ల కోసం, ఓడినవాళ్ల కోసం కలిపి ప్రార్థిద్దాం. రెండు, ఓటరు నమోదు బల్ల పెట్టినప్పుడు పౌరసత్వం ఉన్నవాళ్లకే ఫారం ఇద్దాం. పోయిన నెల వీసా మీద ఉన్న ఒక తమ్ముడు మొహమాటానికి ఫారం నింపబోయాడు. పౌరుడినని తప్పుగా సంతకం చేస్తే దేశం వదిలిపోయే పరిస్థితి వస్తుంది. మూడు, భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లం ఫారం 6ఏ నింపి మన ఊరి జాబితాలో పేరు ఎక్కించుకుందాం. 2010 సవరణతో ఆ హక్కు వచ్చింది. ఓటేయడానికి మాత్రం స్వయంగా ఊరికి వెళ్లాలి.

ఈ ఆదివారం ఆరాధనకు ముందు, రాకుండా పోయిన ఆ కుటుంబం ఇంటికి వెళ్తున్నాను. వాళ్లు ఎవరికి ఓటేస్తారో అడగను. పాటకు వాళ్ల గొంతు తక్కువైందని మాత్రం చెప్తాను.