నాలుగు కాయిళ్ళెందుకు?

ఐడ్లింగ్‌లో కారు వణుకుతోందంటే సిటీ సర్వీస్ సెంటర్ వాడు నాలుగు కాయిళ్ళూ మార్చాలన్నాడు. ఆత్మకూరులో మెకానిక్ స్కానర్ పెడితే పీ0302 వచ్చింది, అంటే రెండో సిలిండర్లో మిస్‌ఫైర్. కోడ్ ఎక్కడో చెప్తుంది, ఎందుకో చెప్పదు (మన స్టాక్ ట్రేస్ లాగే!). రెండో కాయిల్ని మూడోదాంతో మార్చి, కోడ్ చెరిపి చూశాడు. మళ్ళీ 0302నే. కాయిల్ బాగున్నట్టే కదా. తర్వాత ప్లగ్గులు అటూ ఇటూ మార్చాడు, ఈసారి 0303! ఒక్క ప్లగ్గుతో పోయింది.

ఒకసారికి ఒక్కటే మార్చి చూడ్డం మనకి తెలియనిదా? అయినా కారు దగ్గరికొచ్చేసరికి ఎస్టిమేట్ మీద కళ్ళుమూసుకుని సంతకం పెట్టేస్తాం. అలాగని వణుకుని వదిలెయ్యకండి, కాలని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్ని తినేస్తుంది. కోడే రాకపోతే ఇంజన్ మౌంట్ రబ్బర్లు చూపించండి.