అద్దెదారుకు దక్కని ఆసరా

పేదల ఇల్లు అనగానే మన ప్రభుత్వాలకు తట్టేవి రెండే: పట్టా, శంకుస్థాపన. పక్కా ఇళ్లు, ఇందిరమ్మ ఇళ్లు, టిడ్కో, డబుల్‌ బెడ్‌రూం, జగనన్న కాలనీలు అంటూ పాలకులు మారినప్పుడల్లా పేర్లు మారాయి. పద్ధతి మాత్రం ఎప్పుడూ ఒక్కటే. ఊరవతల జాగా చూపించడం, విడతలవారీగా సొమ్ము విదల్చడం, తాళంచెవి చేతికిచ్చి ఫొటో దిగడం. నెల తిరిగేసరికి అద్దె కట్టక తప్పని లక్షల కుటుంబాలకు ఈ పథకాల్లో చోటే లేదు. సొంతింటితో పాటు అద్దె ఇల్లూ ప్రభుత్వ బాధ్యతేనని రెండు తెలుగు రాష్ట్రాలు ఇకనైనా ఒప్పుకొని తీరాలి.

సొంతిల్లు పేదవాడికి ఇచ్చే ధీమాను ఎవరూ కాదనరు. ఆ ధీమా కోసం అతడు ఏం పణంగా పెడుతున్నాడో చూడాలి. తెలంగాణలో 2024 మార్చిలో భద్రాచలంలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకం కింద రూ.5 లక్షలు ఇస్తున్నారు. బేస్‌మెంట్‌ పూర్తయితేగానీ తొలి లక్ష ఖాతాలో పడదు. ఇసుక, సిమెంటు, ఇనుము, మేస్త్రీ కూలి అన్నీ అంతకుముందే సమకూర్చుకోవాలి. చేతిలో పైసా లేదనే కదా పథకానికి ఎంపిక చేశారు! ఆ మనిషి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి పునాది వేస్తున్నాడు. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటికి రూ.1.80 లక్షలు ఏ మూలకూ చాలవని ప్రభుత్వమే గ్రహించింది. 2025లో ఎస్సీ, బీసీలకు రూ.50 వేలు, ఎస్టీలకు రూ.75 వేలు అదనంగా ఇస్తామంది. కేంద్రం మాత్రం గ్రామీణ ఇంటికి మైదాన ప్రాంతాల్లో 2016లో ఖరారు చేసిన రూ.1.20 లక్షల దగ్గరే ఆగిపోయింది.

అంతకన్నా పెద్ద లోపం ఇల్లు ఎక్కడ ఇస్తున్నారన్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 25న నాటి తూర్పుగోదావరి జిల్లా కొమరగిరిలో మొదలైన ఇళ్ల స్థలాల పంపిణీలో సుమారు 30 లక్షల పట్టాలు తలపెట్టారు. పట్టణాల్లో ఒక సెంటు, అంటే 48 గజాలు. పేదలకు చవగ్గా భూమి దొరికేది ఊరి శివార్లలోనే కాబట్టి కాలనీలూ అటే వెళ్లాయి. తెలంగాణలో హైదరాబాద్‌ ఔటర్‌ రింగ్‌రోడ్డు దగ్గర కొల్లూరులో 15,660 డబుల్‌ బెడ్‌రూం ఇళ్లు కట్టి 2023లో ప్రారంభించారు. కట్టడానికి వంక పెట్టలేం. కానీ అమీర్‌పేటలో తెల్లవారి ఆరింటికి అంట్లు తోమడానికి వెళ్లాల్సిన మనిషి అక్కడికి మారితే నాలుగిళ్ల పనీ పోతుంది. అందుకే కొందరు తాళం వేసి బస్తీలోనే ఉండిపోతున్నారు, కొందరు ఆ ఇంటినే అద్దెకిస్తున్నారు. ఎందుకు చేరలేదని వాళ్లకు నోటీసులు ఇచ్చే ముందు, పని ఒకచోట ఉంటే ఇల్లు మరోచోట ఎందుకు కట్టారో అధికారులు జవాబు చెప్పాలి.

కొనుక్కుందామంటే కేంద్రం చూపే దారి వడ్డీ రాయితీ. 2024లో మొదలైన పట్టణ ఆవాస్‌ యోజన రెండో దశలో రూ.25 లక్షల లోపు రుణానికి, మొదటి రూ.8 లక్షలపై నాలుగు శాతం రాయితీ ఉంది. గరిష్ఠంగా దక్కేది రూ.1.80 లక్షలు, అదీ ఐదు వాయిదాల్లో. ఇంటి విలువ రూ.35 లక్షలు దాటకూడదు. హైదరాబాద్‌ నడిబొడ్డున ఆ ధరకు ఫ్లాట్‌ ఎక్కడుంది? ఉన్నా, జీతం స్లిప్పు లేని ఆటోడ్రైవరుకు, టిఫిన్‌ బండి నడిపే మహిళకు ఏ బ్యాంకు అప్పిస్తుంది?

ఇక మిగిలేది టులెట్‌ బోర్డు. గేటు దగ్గరే ‘మీరేమిట్లు? మాంసం తింటారా?’ అన్న విచారణ మొదలవుతుంది. అడ్వాన్సు ఇచ్చాక అగ్రిమెంటు అడిగితే ‘అవన్నీ ఎందుకండీ, నోటిమాట చాలదా’ అంటారు. అగ్రిమెంటు లేకపోతే ఆధార్‌లో చిరునామా మార్చుకోవడం కష్టం, స్థానికుడినని రుజువు చేసుకోవడం అంతకన్నా కష్టం. ఆ రుజువు లేనివాడికి ఇళ్ల పథకమూ అందదు. పాత పన్ను విధానంలో సొంతింటి రుణంపై ఏడాదికి రూ.2 లక్షల వడ్డీకి మినహాయింపు ఉంటే, ఇంటి అద్దె భత్యం లేని అద్దెదారుకు గరిష్ఠంగా రూ.60 వేలే. పన్ను కట్టేంత ఆదాయమే లేని అడ్డా కూలీకి అదీ లేదు.

కరోనా లాక్‌డౌన్‌లో వలస కూలీలు నడిచి వెళ్లిన దృశ్యాలు చూశాకే, 2020 జులైలో కేంద్రం అందుబాటు అద్దె గృహాల పథకం తెచ్చింది. పాత పథకాల కింద కట్టి ఖాళీగా పడి ఉన్న 83 వేల పైచిలుకు ఇళ్లను అద్దెకివ్వాలన్నారు. దేశం మొత్తమ్మీద అలా మారినవి ఆరు వేల లోపే. మరమ్మతుల ఖర్చు ఎవరు భరించాలి, అద్దె ఎవరు వసూలు చేయాలి అన్నవి తేల్చకుండా స్థానిక సంస్థల మీదికి నెట్టేస్తే మరేమవుతుంది?

అద్దె ఇళ్లు నడపడం సర్కారు వల్ల కాదనే వాదన చెల్లదు. సింగరేణి క్వార్టర్లు, విశాఖ ఉక్కునగరం తరాల తరబడి కార్మికులకు నీడనిచ్చాయి. ఉద్యోగుల క్వార్టర్లను ప్రభుత్వం ఇప్పటికీ కేటాయిస్తోంది, అద్దె జీతంలో కోసుకుంటోంది. జీతగాళ్లకు చేయగలిగినది కూలీలకు చేయలేమనడం చేతకానితనం కాదు, ఇష్టం లేకపోవడం.

చేయాల్సింది స్పష్టం. నగరాల్లో ఇకపై కట్టే ప్రతి ప్రభుత్వ గృహ సముదాయంలో కొంత వాటాను అమ్మకుండా, రాసివ్వకుండా ప్రభుత్వమే అట్టిపెట్టుకొని ఆదాయాన్ని బట్టి అద్దెకివ్వాలి. ఎవరూ చేరని టిడ్కో, డబుల్‌ బెడ్‌రూం ఇళ్లకు ముందు నీరు, డ్రైనేజీ, బస్సు కల్పించి వాటినీ ఆ అద్దె ఇళ్లలో చేర్చాలి. తెలంగాణ 1960 నాటి అద్దె చట్టాన్ని పక్కనపెట్టి, అడ్వాన్సును రెండు నెలల అద్దెకు పరిమితం చేసే 2021 నాటి కేంద్ర నమూనా చట్టాన్ని అనుసరించాలి. ఆంధ్రప్రదేశ్‌ 2017లోనే కొత్త అద్దె చట్టం చేసింది. అక్కడ వార్డు స్థాయిలోనే నామమాత్రపు రుసుముతో అగ్రిమెంటు నమోదయ్యేలా చూస్తే దాని ఫలం అద్దెదారుకు అందుతుంది. సొంత జాగాలో కట్టుకునేవారికి పునాదికి ముందే తొలి విడత ఇవ్వాలి. వీటన్నిటికీ నిధులు కావాలి. కాబట్టి వచ్చే బడ్జెట్‌లోనే రెండు రాష్ట్రాలూ గృహనిర్మాణ పద్దు కింద అద్దె గృహాలకు విడిగా కేటాయింపు చూపాలి. ఎన్నికలప్పుడు అద్దె కొంపల గడప తొక్కి ఓటు అడిగే నాయకులు, ఆ గడపకు ఇవ్వాల్సిన కనీస బాకీ అది.