బిడ్డ మొదటి డాక్టరు అరగంట దూరంలో ఉండాలి

పాలమూరు ఐదు జిల్లాల అమ్మలకు, అయ్యలకు, ముఖ్యంగా మనుమలను సాకుతున్న అవ్వలకు, తాతలకు:

బిడ్డ ఒళ్లు వెచ్చబడగానే హైదరాబాద్ బస్సెక్కే అలవాటును మనం మానుకోవాలి. మానుకునే వీలుండేలా సర్కారు మన మండలాలకు దగ్గర్లో పిల్లల డాక్టరును కూర్చోబెట్టాలి. మొదటిది మన చేతిలో ఉన్న పని. రెండోది అడిగి, వెంటపడి తెచ్చుకోవలసింది. డాక్టరు లేడని మనం దవాఖానకు పోము. జనం రావడం లేదని పోస్టు ఖాళీగా ఉంచుతారు. ఈ చిక్కుముడిని రెండు కొసల నుంచీ ఒకేసారి విప్పాలని ఈ కరపత్రం.

2016కు ముందు ఈ మాట అంటే నవ్వేవాళ్లు. అప్పటికి ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా మొత్తంలో సర్కారు మెడికల్ కాలేజీ ఒక్కటీ లేదు. ఆ ఏడాది మహబూబ్‌నగర్‌కు వచ్చింది. 2022లో వనపర్తికి, నాగర్‌కర్నూల్‌కు, 2024లో గద్వాలకు, నారాయణపేటకు వచ్చాయి. పాత జిల్లా ఐదు ముక్కలైంది, ఐదింటికీ ఐదు కాలేజీలయ్యాయి. పిల్లల విభాగం లేకుండా మెడికల్ కాలేజీ నడపడానికి నిబంధనలు ఒప్పుకోవు. అంటే ఐదు చోట్లా పిల్లల వైద్యులు ఉండి తీరాలి. అయినా గద్వాల నుంచి 180 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి, మామూలు జలుబుకు హైదరాబాద్‌లో చీటీ రాయించుకొని వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఎందుకు పోతున్నాం? ఎవరిని అడిగినా ముందు వచ్చే జవాబు హస్తవాసి. ‘ఈడ ఇద్దరికి చూపిచ్చినం, తగ్గలే. ఆడ ఒక్క సీసా రాసిచ్చిండు, తెల్లారేసరికి లేచి ఆడుకుంటున్నడు.’ ఈ మాటలో అబద్ధం లేదు, లెక్కలోనే పొరపాటు ఉంది. చిన్నపిల్లలకు వచ్చే జ్వరాల్లో ఎక్కువ భాగం వైరస్‌వి. కొన్ని రోజులు కాసి వాటంతటవే దిగుతాయి. మొదటి రోజు ఊళ్లో చూపిస్తాం, రెండో రోజు టౌనులో చూపిస్తాం, మూడో రోజు పట్నం పోతాం. జ్వరం దిగే వేళ అదే కాబట్టి పేరు చివరి డాక్టరుకు దక్కుతుంది. వరుస తిప్పి, ముందు పట్నం పోయి ఆఖర్న మండలంలో చూపిస్తే హస్తవాసి మండలం డాక్టరుకే వచ్చేది. పట్నంలో గొప్ప డాక్టర్లు లేరని కాదు. వాళ్ల గొప్పతనం మూడు రోజుల జ్వరంలో తేలేది కాదు.

దూరాన్ని కిలోమీటర్లలో కొలవడం ఇంకో పొరపాటు. రాత్రి పది గంటలకు, బస్సులు ఆగిపోయాక, బిడ్డను భుజాన వేసుకొని ఎంతసేపట్లో చేరగలమో అదీ అసలు దూరం. ఆ వేళకు బండి ఎవరిది దొరుకుతుంది, వానకాలం మధ్యలో వాగు అడ్డం వస్తుందా, పోయాక తలుపు తీసేవాళ్లుంటారా అనేది బిడ్డ బాగున్న రోజునే చూసి పెట్టుకోవాలి. జిల్లా గీతలు, రాష్ట్రం గీతలు పట్టించుకోనక్కర్లేదు. కృష్ణా మండలం వాళ్లకు రాయచూరు దగ్గర, అలంపూర్ వాళ్లకు కర్నూలు దగ్గర. అక్కడ నమ్మకమైన పిల్లల డాక్టరుంటే అక్కడికే పోవాలి. అరగంట అని ఎందుకంటున్నామంటే, అది బిడ్డను చూపించి సగం పూట కూలికైనా అందుకోగల దూరం. రేపు మళ్లీ తీసుకురమ్మంటే విసుక్కోకుండా పోగల దూరం.

ఆ ‘రేపు మళ్లీ’ అన్నదే పిల్లల వైద్యంలో సగం వైద్యం. పసివాళ్లు ఎక్కడ నొప్పో చెప్పలేరు. మొదటి రోజు గొంతు కొంచెం ఎర్రగా కనిపించి, రెండో రోజుకు ఊపిరితిత్తుల్లోకి దిగే జబ్బులుంటాయి. అందుకే మంచి డాక్టరు ‘రెండు రోజుల్లో తగ్గకపోతే తీసుకురండి’ అంటాడు. ఒకసారి ఫీజు కడితే కొన్ని రోజుల దాకా మళ్లీ ఊరికే చూసే పద్ధతి చాలా క్లినిక్‌ల్లో ఉంది. దూరం డాక్టరు దగ్గర ఆ సౌకర్యం చీటీ మీది అచ్చుకే పరిమితం. రెండోసారి పోవడానికి చార్జీలూ, పోయిన కూలీ లెక్క వేసుకొని మనం పోము. పాత చీటీ పట్టుకొని మెడికల్ షాపుకు పోతాం.

పాత చీటీతో వచ్చే ముప్పు ఎంతో చెప్పాలంటే జ్వరం మందు ఒక్కటి చాలు. పిల్లలకు మోతాదు బరువును బట్టి ఉంటుంది, ఆర్నెల్ల కిందటి చీటీ ఆర్నెల్ల కిందటి బరువుకు రాసింది. పైగా పారాసిటమాల్ చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములుంటుంది. సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు ఒక రకంలో 120, ఇంకో రకంలో 250 ఉంటుంది. సిరప్ అనుకొని చుక్కల మందు ఒక చెంచాడు తాగిస్తే మొదటి రకంతో పోలిస్తే నాలుగింతలకు పైగా పడుతుంది. తల్లిదండ్రులు ముంబైకో పుణేకో పనికి పోయి, ఇంటి దగ్గర చదువురాని అవ్వ బిడ్డను చూసుకుంటున్న ఊళ్లు మనకు తక్కువేం లేవు. ఆ అవ్వకు సీసా చేతికిచ్చి, గీత ఎక్కడిదాకా పోయాలో చూపించే డాక్టరు పక్కనే ఉండాలి.

ఇక ఆగని జబ్బులున్నాయి. బిడ్డ పాలు పట్టకపోయినా, నీళ్లు తాగలేకపోయినా, తాగిందంతా కక్కేస్తున్నా, ఫిట్స్ వచ్చినా, పిలిస్తే పలకకుండా మగతగా పడి ఉన్నా, ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతున్నా గంటలు లెక్కపెడుతూ కూర్చోవద్దు. ఊపిరిని గడియారం పెట్టుకొని నిమిషం నిండా లెక్కించండి. రెండు నెలలలోపు బిడ్డకు 60, ఏడాదిలోపు 50, ఐదేళ్లలోపు 40, అంతకన్నా ఎక్కువైనా అది న్యుమోనియా అయి ఉండొచ్చు. రెండు నెలలలోపు పసిగుడ్డుకు జ్వరం వచ్చినా, ఒళ్లు చల్లబడినా ఆ రోజే చూపించాలి. ఈ పిల్లలు హైదరాబాద్ దారిలోనే ప్రమాదంలో పడతారు. ముందు దగ్గరి డాక్టరు చేతిలో పడాలి, ఆక్సిజన్ అందాలి, ఆ తర్వాతే 108లో ముందుకు కదలాలి.

దగ్గర అనగానే ఆరెంపీ గుర్తుకొస్తాడు. ఆయన్ను తిట్టడానికి ఈ కాగితం అచ్చు వేయలేదు. అర్ధరాత్రి తలుపు కొడితే తీసేది ఆయనే, పైసలు పంటకు ఇస్తామన్నా ఒప్పుకునేది ఆయనే. కానీ చంటిబిడ్డకు ఆయన చేతి సూది వద్దు. ఏ మందు వేశాడో, ఎంత వేశాడో చీటీ ఉండదు. స్టెరాయిడ్ సూది జ్వరాన్ని త్వరగా దింపి, లోపలి జబ్బును కనపడకుండా చేస్తుంది. తర్వాత చూసే డాక్టరుకు ఆ తెర వెనక ఏముందో తెలియడానికి విలువైన రోజు పోతుంది.

మరి డాక్టరును ఎట్లా ఎంచుకోవాలి? బోర్డు మీద పేరు పక్కన పిల్లల వైద్యం చదివినట్టు ఎండీ పీడియాట్రిక్స్, డీఎన్‌బీ, డీసీహెచ్ వంటిది ఉందా చూడండి. రిజిస్ట్రేషన్ నంబరు క్లినిక్‌లోనూ, చీటీ మీదా కనపడాలని 2002 నాటి వైద్య మండలి నిబంధన. అడగడానికి మొహమాటపడొద్దు. పోయిన ప్రతిసారీ బిడ్డను తూకం వేస్తున్నాడా, చొక్కా విప్పించి ఊపిరి చూస్తున్నాడా అన్నది డిగ్రీ తర్వాత మా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద పరీక్ష. ఆదివారం, రాత్రిపూట ఎవరు చూస్తారో చెప్పగలగాలి. తన చేతిలో లేని కేసును ఆలస్యం చేయకుండా పంపించే డాక్టరు దొరికితే వదులుకోవద్దు.

తక్కువ మందులు రాసే డాక్టరును తక్కువ చేయకండి. విరేచనాలకు ఓఆర్ఎస్, 14 రోజుల జింక్ ఇచ్చి, చనుపాలు ఆపొద్దని చెప్పి పంపితే సరైన వైద్యమే చేసినట్టు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కల్తీ దగ్గు మందు తాగి పిల్లలు చనిపోయాక, రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయవద్దని కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది. సీసా ఇవ్వలేదని డాక్టరును మార్చేవాళ్లు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి. టీకాల కోసమైతే డాక్టరును వెతుక్కుంటూ ఎక్కడికీ పోనక్కర్లేదు. బుధవారం, శనివారం ఏఎన్ఎం దగ్గర పెంటావాలెంట్, రోటా, న్యుమోనియా టీకా, మీజిల్స్-రుబెల్లా అన్నీ ఉచితం.

దూరం పోవలసిన జబ్బులు లేవా? ఉన్నాయి. పుట్టుకతో గుండెలో రంధ్రం, కేన్సర్, పెద్ద ఆపరేషన్ అయితే ఎంత దూరమైనా పోవాలి. నెలలు నిండక పుట్టిన బిడ్డకు, 34 వారాలలోపు కాన్పయినా, రెండు కిలోలకు తక్కువ పుట్టినా, నెల తిరిగేలోపు కంటి తెర పరీక్ష చేయించాలి. తప్పితే చూపు పోయే ప్రమాదం ఉంది. ఈ పరీక్ష పెద్ద కేంద్రాల్లోనే దొరుకుతుంది కాబట్టి దీనికి బస్సెక్కడంలో ఆలోచన వద్దు. నీలోఫర్ దవాఖాన 1953 నుంచి ఇట్లాంటి బిడ్డల కోసమే ఉంది. అక్కడి వరుసలో జలుబు బిడ్డ, ఊపిరాడని బిడ్డ ఒకరి వెనక ఒకరు నిలబడితే నష్టపోయేది రెండో బిడ్డే.

ఇప్పుడు సర్కారును అడగాల్సినవి. జాతీయ ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతంలో 1,20,000 జనాభాకు, కొండ, గిరిజన ప్రాంతాల్లో 80,000 జనాభాకు ఒక సామాజిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. అక్కడ ఉండాల్సిన స్పెషలిస్టుల్లో పిల్లల డాక్టరు ఒకరు. కొత్తగా మనం పెడుతున్న కోరిక కాదిది, వాళ్లు రాసుకున్న రూలే. ఆ డాక్టరు ఏ రోజుల్లో, ఏ వేళల్లో ఉంటారో దవాఖాన గేటు మీదా, ప్రతి గ్రామ పంచాయతీ గోడ మీదా తెలుగులో రాయాలి. వారానికి రెండు సాయంత్రాలు ఓపీ నడపాలి. పొద్దున తొమ్మిదింటి ఓపీ కూలికి పోయేవాళ్ల కోసం పెట్టింది కాదు, పొలం నుంచి దిగేసరికి అది మూసేస్తారు.

డాక్టర్లు పల్లెల్లో ఉండరు కదా అంటారు. నిజమే, క్వార్టర్లు సరిగా లేకుండా, పిల్లల చదువులకు దారి చూపకుండా ఉండమంటే ఎవరుంటారు? ఇక్కడే ఐదు కాలేజీలు అక్కరకు రావాలి. పిల్లల విభాగం వైద్యులు వంతులవారీగా వారంలో రెండు సాయంత్రాలు సామాజిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చి చూసి, రాత్రికి ఇంటికి పోవచ్చు. వాళ్ల జీపుకు డీజిల్ పోసే ఖర్చు, మనందరి బస్సు చార్జీల ముందు ఏపాటిది? నల్లమల చెంచు పెంటలకు మాత్రం ఈ అరగంట లెక్క వర్తించదు. మన్ననూరు దాకా రావడమే వాళ్లకు ఒక పూట పని. అక్కడికి డాక్టరే కదలాలి, తేదీ ముందే చెప్పి కదలాలి.

తల్లీబిడ్డల కార్డు మీద రాత్రిపూట పలికే ఒక ఫోన్ నంబరు అచ్చు వేయాలి. బిడ్డను పై దవాఖానకు పంపేటప్పుడు ఉత్తరంతో పాటు ఫోన్ చేసి బెడ్ ఉందని తెలుసుకున్నాకే బండి కదిలించాలి. ఆస్పత్రి కాన్పు అయిన ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆరుసార్లు రావాలి. ఆమె చూసి చెప్పిన బిడ్డను ఓపీ వరుసలో నిలబెట్టకుండా డాక్టరు ముందు చూడాలి.

సోమవారం మీ జిల్లా కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది. మీ దగ్గరి దవాఖానలో పిల్లల డాక్టరు పోస్టు ఉందా, నిండిందా, ఏ వేళల్లో చూస్తారు అని రాసి అర్జీ ఇవ్వండి, రసీదు తీసుకోండి. డాక్టరు ఉన్నచోట, ఈసారి జ్వరం వస్తే బిడ్డను ముందు అక్కడే చూపించండి. అవ్వలు, తాతలు రాలేకపోతే వాళ్ల వేలిముద్ర వేయించి అర్జీని మీరు తీసుకురండి.